గోడనడిగి కోసే పెంటయ్య

పెంటయ్య గోడను అడక్కుండా కోయడు. మిగతా విషయాల్లో అతనూ మనలాంటివాడే. టీలో చక్కెర ఎక్కువ వేసుకుంటాడు, మెట్రోలో సీటు దొరక్కపోతే విసుక్కుంటాడు, భార్యతో వాదించి ఓడిపోతాడు. కానీ కాంక్రీటు కోసే మిషను పట్టుకుని ఎవరింటికైనా వెళ్ళాడా, ముందు ఆ మిషనును మూలన పెట్టి, చెప్పులు విప్పి, గోడకు దండం పెట్టి, కుడిచెవి దానికి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. పది నిమిషాలు కావచ్చు, గంట కావచ్చు. ఈలోగా ఎవరైనా పలకరిస్తే వేలు పైకెత్తి, "జర ఆగున్రి. చెప్తున్నది" అంటాడు.

హైటెక్ సిటీ చుట్టుపక్కల ఇళ్ళు కొనేవాళ్ళు ఎంతమందో, కొన్న ఇల్లు నచ్చక మార్పించుకునేవాళ్ళూ అంతమంది. ఒకరికి వంటగది గోడ అడ్డం, ఇంకొకరికి ఉన్న గుమ్మం చాలదు. సుత్తితో కొడితే పక్కింటి అద్దాలు రాలతాయి కాబట్టి, వజ్రపు పళ్ళ బ్లేడు మీద నీళ్ళు పోస్తూ జున్నుముక్క కోసినట్టు కోసేవాళ్ళను పిలుస్తారు. ఆ పనిలో పెంటయ్యది ఇరవయ్యేళ్ళ చెయ్యి.

కోకాపేటలో ముప్పై ఒకటో అంతస్తులో ఒకాయన హాలు పెద్దది చేయాలని, పక్కనున్న చిన్న గది గోడ మొత్తం తీసేయమన్నాడు. ఒళ్ళో ల్యాప్‌టాప్, చెవిలో ఆఫీసు మీటింగు.

"ఎంతసేపు పడుతుంది?"

"నాదైతె రెండు గంటలు సార్. గోడదే తెల్వదు."

"గోడకేం తెలుస్తుందయ్యా?"

"మీరు మొన్న దిగిన్రు సార్. గోడైతె మొదటిసంది ఈణ్ణే ఉన్నది."

పెంటయ్య గంటసేపు చెవి ఆనించి, చివరికి "సగమే తీయుమంటున్నది" అని తేల్చాడు. ఇంటాయన ఎంత గింజుకున్నా సగమే తీశాడు. ఆయన మైకు ఆపడం మరిచిపోవడంతో మీటింగులో ఉన్న పద్నాలుగు మందీ ఇదంతా విన్నారు. సాయంత్రానికి ముగ్గురు పెంటయ్య నంబరు అడిగారు. ఆ ముగ్గురిలో ఒకతె కిరణ్మయి. ఆమె ద్వారా పెంటయ్య చెవి మియాపూర్‌లో ఉండే వాళ్ళ నాన్న చలపతిరావుగారి గోడ దాకా వచ్చింది.

చలపతిరావుగారిది తణుకు. రోడ్లు భవనాల శాఖలో ముప్పై మూడేళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఆ ముప్పై మూడేళ్ళూ ఆయన చూసింది భవనాల్ని కాదు, వాటి ఫైళ్ళని. అందుకే భవనం అనగానే ఆయనకు మొదట గుర్తొచ్చేది, అది కూలిపోయాక వేసే విచారణ సంఘం. లిఫ్టు ఎక్కితే తాడు గురించి బెంగ, మెట్లెక్కితే గుండె గురించి బెంగ. ఆయనుండేది అయిదో అంతస్తు. పైన మరో తొమ్మిదున్నాయి. ఆ తొమ్మిదీ తన నెత్తిమీదే ఉన్నాయన్న సంగతి ఆయన ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

అలాంటి మనిషి ఇంట్లోనే గోడ కోయాల్సి వచ్చింది. భార్య సుబ్బలక్ష్మిగారు కూరగాయల బజార్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషనయింది, మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నారు, శనివారం ఇంటికి పంపుతామన్నారు. మరో మూడు నెలలు చక్రాల కుర్చీలోనే తిరగాలి. కుర్చీ వెడల్పు పాతికంగుళాలు. పడగ్గదిలో బాత్‌రూమ్ గుమ్మం ఇరవై నాలుగు.

ఆ ఒక్క అంగుళం చలపతిరావుగారి నిద్ర పట్టుకుపోయింది. ఎందుకంటే సుబ్బలక్ష్మిగారు ఒక మాట తెగేసి చెప్పారు.

"నన్నెవరూ చంటిపిల్లలా ఎత్తుకుని తీసికెళ్ళక్కర్లేదు. ఇక్కడ పడ్డ సిగ్గు చాలు. బాత్‌రూమ్‌కి నా అంతట నేను వెళ్ళగలిగితేనే ఇంటికొస్తాను. లేదంటే ఇక్కడే ఉంటాను."

"ఇక్కడే అంటే, ఎన్నాళ్ళు?"

"కాలొచ్చేదాకా."

ఆవిడ అన్నారంటే అన్నట్టే. పెళ్ళయిన కొత్తలో కిటికీ పక్క సీటు ఇవ్వలేదని తాడేపల్లిగూడెం నుంచి రాజమండ్రి దాకా రైల్లో నిలబడే వచ్చిన మనిషి ఆవిడ.

మంగళవారం పొద్దున్నే పెంటయ్య, అతని భార్య ఎల్లమ్మ దిగారు. ఎల్లమ్మ పనిలో సగం. బ్లేడుకు నీళ్ళు పట్టేదీ, కారిన సిమెంటు బురద ఎప్పటికప్పుడు ఎత్తేసేదీ, మొగుడికి బుద్ధి చెప్పేదీ ఆమే.

చలపతిరావుగారు గుమ్మానికి ఎడమపక్క తాను గీసి ఉంచిన పెన్సిల్ గీత చూపించారు. కుడిపక్కనైతే గీజరు స్విచ్చులున్నాయి, అవి కదపడం ఆయనకు ఇంకో భయం.

"రెండంగుళాలు చాలు పెంటయ్యా. అంతకు మించి నువ్వుగింజంత కూడా కొయ్యకు. పైన తొమ్మిది అంతస్తులున్నాయి."

"ఎరుకే సార్. బయటనే లెక్కవెట్టిన" అని పెంటయ్య గోడకు చెవి ఆనించాడు.

పది నిమిషాలయింది. చలపతిరావుగారు తన నాడి తానే పట్టి చూసుకున్నారు.

"ఏమంటోంది?"

"ఇంక షురూ చెయ్యలే సార్."

అరగంటయింది. ఏం చేయాలో తోచక చలపతిరావుగారు మంచం మీద కూర్చుని భార్యకు ఫోను చేశారు. చేతులు వణుకుతాయి గనక ఆయన ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడతారు.

"కోసేవాళ్ళొచ్చారా?" అన్నారు సుబ్బలక్ష్మిగారు.

"వచ్చారు. గోడ చెప్పేది వింటున్నారు."

"గోడ చెప్పడమేంటండీ?"

"నాకు మాత్రం ఏం తెలుసు! నువ్వెలా ఉన్నావు?"

"కుర్చీ తోసుకోడం నేర్పుతున్నారు. చక్రాలు పట్టుకుని తోస్తుంటే ప్రతి గుమ్మానికీ మెటికలు కొట్టుకుపోతున్నాయి. ఎడం చేతికి కట్టు కట్టారు. కిరణ్మయికి చెప్పకండి గానీ, భయమేస్తోందండీ."

సుబ్బలక్ష్మిగారికి భయమేయడం చలపతిరావుగారు ఎన్నడూ వినలేదు. ఇంట్లో భయపడే పని ఆయనది. "వేళకి తిను" అని పెట్టేశారు. పెంటయ్య కళ్ళు తెరవలేదు. మధ్యాహ్నం దాకా చెవి మార్చలేదు.

భోజనాల వేళకు సంచిలోంచి చిన్న పరికరమొకటి తీసి గోడంతా తిప్పాడు. ఎడమపక్క పెట్టినచోటల్లా అది కీచుమంది.

"గోడ చెప్పింది సార్."

"ఏమని?"

"ఈ ఎడమ దిక్కు మొత్తం బొక్కలే సార్. లావు లావు బొక్కలు. కిందికెళ్ళి పైదాంక ఉన్నయ్. ఈడ చెయ్యి వెట్టద్దు. ఇంజనీరమ్మకు చూపియ్యాలె. ఎల్లుండొస్తం" అని సామాను సర్దుకుని ఇద్దరూ వెళ్ళిపోయారు.

చలపతిరావుగారి నవనాడులూ కుంగిపోయాయి. గోడలో బొక్కలు! లావు లావు బొక్కలు! కింది నుంచి పైదాకా! అంటే పద్నాలుగు అంతస్తులూ ఇన్నాళ్ళూ చిల్లుల మీద నిలబడ్డాయన్నమాట. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా మూడో అంతస్తుకు దిగి అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు భీమేశ్వరరావుగారి తలుపు కొట్టారు. భీమేశ్వరరావుగారిది పాలకొల్లు.

"అనుకుంటూనే ఉన్నానండీ! మా హాల్లో మేకు కొడితే వెన్నలోకి దిగినట్టు దిగింది. అప్పుడే నాకు అనుమానం."

"మా ఇంట్లో అసలు దిగనే లేదండీ."

"అది ఇంకా అనుమానం!"

బుధవారం తెల్లారేసరికి సంఘం వాట్సాప్ గ్రూపులో సందేశం వెలిసింది. 'మన బ్లాకు గోడల్లో పెద్ద పెద్ద బొక్కలున్నట్లు నిపుణులు తేల్చారు. కంగారు పడవద్దు.' కంగారు పడవద్దనగానే అందరూ పడ్డారు. యాభై ఆరు ఇళ్ళలోనూ చెంచాలతో గోడలు కొట్టుకుని చూసే చప్పుడు. చెంచా చప్పుడు పై ఇంట్లో వినబడి, వాళ్ళు అది పగుళ్ళ చప్పుడనుకున్నారు. ఒక కుటుంబమైతే పిల్లల సర్టిఫికెట్లూ, గ్రైండరూ కట్టుకుని ఖాజాగూడలో బంధువులింటికి వెళ్ళిపోయింది. భీమేశ్వరరావుగారు గేటు దగ్గర నోటీసు అంటించారు: కోత మిషన్లు లోపలికి రానివ్వరాదు.

పులి మీద పుట్రలా ఆసుపత్రి నుంచి కిరణ్మయి ఫోను. "నాన్నా, శనివారం పదింటికి డిశ్చార్జి. గుమ్మం అయిందా?"

"అవుతోందమ్మా" అన్నారు చలపతిరావుగారు. సర్వీసులో ఏ ఫైలు గురించి అడిగినా ఆయన చెప్పిన జవాబే అది. గోడ కోయిస్తే బిల్డింగు కూలుతుంది, కోయించకపోతే ఆవిడ రాదు.

గురువారం పెంటయ్య, ఎల్లమ్మ, ఇంజనీరు కృష్ణప్రియ ముగ్గురూ వచ్చేసరికి గేటు మూసి ఉంది. సెల్లారులో కార్ల మధ్య సంఘం సమావేశం నడుస్తోంది. పెంటయ్యను తీసుకెళ్ళి మధ్యలో నిలబెట్టారు.

"గోడల్లో బొక్కలున్నాయన్నది నువ్వేనా?" అన్నారు భీమేశ్వరరావుగారు.

"నేనే సార్."

"ఎన్నున్నాయి?"

"గోడ నిండ."

సెల్లారంతా గొల్లుమంది.

"మరిన్ని బొక్కలుంటే బిల్డింగు ఎలా నిలబడిందయ్యా?"

పెంటయ్య ఆయన్ని జాలిగా చూశాడు. "బొక్కలుండవట్టే నిలవడ్డది సార్! బొక్కలు లేకుంటె ఎప్పుడో కూలుతుండె."

"ఇతనికి మతిపోయింది" అన్నారెవరో.

"గట్లంటరేంది? మీకు లేవా బొక్కలు? నాకు లేవా? సారోళ్ళ అమ్మకు ఇరిగిందేంది మరి? తుంటి బొక్కనే గద!" అంటూ పెంటయ్య తన మోచేతి మీద టకటకా కొట్టి చూపించాడు.

గేటు దగ్గర సెక్యూరిటీ భాస్కర్ నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డాడు. అతనిది మెదక్ వైపు. "సార్, మా దిక్కు బొక్క అంటె ఎముక సార్! మీరనే బొక్కను మేం పొక్క అంటం!"

"గోడలో ఉన్న ఇనుము గురించి చెబుతున్నాడండీ" అంది కృష్ణప్రియ, నవ్వు దాచుకుంటూ. "డ్రాయింగులు చూశాను. గుమ్మానికి ఎడమపక్క బిల్డింగు బరువు మోసే గోడ. లోపల లావు రాడ్లున్నాయి. అక్కడ ఒక్క అంగుళం కూడా కోయకూడదు. కుడిపక్కది బరువు మోయదు. ఎనిమిదంగుళాల దాకా కోయొచ్చు. రాసి సంతకం పెట్టి తెచ్చాను."

భీమేశ్వరరావుగారు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి, "కోయమని నేననడం లేదు, వద్దనీ అనడం లేదు" అని గోడమీద పిల్లిలా కూర్చున్నారు. కూర్చున్నా నోటీసు మాత్రం తానే చింపేశారు. అందరూ నవ్వుకుంటూ లిఫ్టు ఎక్కారు. చలపతిరావుగారు నవ్వలేకపోయారు. ఆయన బుర్రలో ఒకటే తిరుగుతోంది. ఎడమపక్క పెన్సిల్ గీత గీసింది తనే. ఇంకెవరైనా వచ్చి ఉంటే, చెప్పిన చోట కోసేసి చక్కా పోయేవాడు.

శుక్రవారం స్విచ్చులు మార్చారు. పెంటయ్య కుడిపక్క తడిసుద్దతో గీత గీసి, మళ్ళీ కుడిచెవి ఆనించాడు. ఆ గీత చూసి చలపతిరావుగారి పైప్రాణాలు పైనే పోయాయి. టేపు పెట్టి కొలిస్తే ఎనిమిదంగుళాలుంది.

"రెండు చాలన్నాను కదయ్యా!" బాత్‌రూమ్‌లోకి దూరి, పెంటయ్యకు కుడివైపు నిలబడి అడిగారు. జవాబు లేదు. "పెంటయ్యా, ఎనిమిదెందుకు?" లేదు. "కొయ్యొచ్చన్నంత మాత్రాన అంతా కోసేయాలా?" ఉలకడు, పలకడు.

బకెట్ నింపుతున్న ఎల్లమ్మ తలెత్తింది. "ఆ దిక్కు నిలవడి అడిగితె ఎట్ల ఇనవడ్తది సారు? ఆ చెవి పోయి ఆరేండ్లాయె. మిషను చప్పుడుకు పోయింది."

చలపతిరావుగారికి ఒక్క క్షణం అర్థం కాలేదు. "ఆ చెవేగా గోడకి పెట్టేది!"

"అవు."

"మరి గోడ చెప్పేది ఎలా వింటాడు?"

"గోడేం చెప్తది సారు? ఇనుమెక్కడున్నదో మిషను చెప్తది, డ్రాయింగు చెప్తది. గోడకు వెట్టేది ఉత్త చెవి. ఇంటోళ్ళ దిక్కున్నది మంచి చెవి." ఎల్లమ్మ పైపు చుట్ట విప్పుతూ, దాచాల్సిన సంగతేమీ కాదన్నట్టు చెప్పుకుపోయింది. "ఏం గావాల్నని అడిగితె అందరు ఇంచులు చెప్తరు. అడగకుంట నిలవడితె కష్టం చెప్పుకుంటరు. కోకాపేటల గా సారు గోడ మొత్తం తీయుమన్నడా? గా చిన్నరూముల వాళ్ళత్తమ్మ పండుకుంటది. గోడ పోతె యాడ పండుకోవాల్నని ఆమె ఎవ్వల్ని అడగలే. దేవుని పటం ముంగట మెల్లగ చెప్పుకున్నది. ఈన ఇన్నడు. గోడ సగమే తీయుమన్నదని చెప్పిండు. ఆమె పేరు తీస్తె ఇంట్ల లొల్లి అయితది గద!"

గోడలకు చెవులుంటాయని చలపతిరావుగారు చిన్నప్పటి నుంచీ వింటున్నారు. ఆ చెవి ఇలాంటిదని ఎవరూ చెప్పలేదు. మంగళవారం ఆ గదిలో కూర్చుని ఫోన్లో తాను మాట్లాడినవన్నీ గుర్తొచ్చాయి. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అటు తిరిగి వచ్చి, పెంటయ్యకు ఎడమవైపు నిలబడ్డారు.

"పెంటయ్యా, ఎనిమిదెందుకు?"

పెంటయ్య కళ్ళు తెరిచాడు. భార్య వంక ఒకసారి గుర్రుగా చూసి, దొరికిపోయిన పిల్లాడిలా తల గోక్కున్నాడు. "కుర్చీకైతె రెండు సాలు సార్. మెటికలకు దెబ్బ తగులుతున్నదని అమ్మ అన్నది గద. చేతులు గూడ పట్టాలె. దర్వాజ కుర్చీకి కాదు సార్, అమ్మకు."

చలపతిరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సిమెంటు దుమ్మన్నారు. ఇంకా కోతే మొదలు కాలేదని ఎల్లమ్మ అనబోయి, అనలేదు.

"తలుపో మరి? ముప్పై రెండంగుళాల తలుపు ఇవాళ ఎక్కడ దొరుకుతుంది?"

"వడ్రంగి రామన్నకు మంగళారం సాయంత్రమే చెప్పిన."

ఆ తర్వాత యాభై నిమిషాలు చలపతిరావుగారు ఎలా గడిపారో ఆయనకే తెలియాలి. ఎల్లమ్మ ఆయన చెవులకు చప్పుడు ఆపే రెండు డిప్పలు తగిలించి, చేతికి నీళ్ళ పైపు ఇచ్చింది. "మీరు పట్టున్రి సారు. ఖాళీగుంటె పరేషాన్ అయితరు." బ్లేడు గోడను తాకగానే ఇల్లంతా ఒక్కసారి అరిచింది. బూడిదరంగు నీళ్ళు పాలలా కారాయి. ఆయన కళ్ళు మూసుకుని ఆరో అంతస్తు, ఏడో అంతస్తు అని లెక్కపెడుతూ పద్నాలుగు దాకా వెళ్ళడం, మళ్ళీ మొదలుపెట్టడం. అలా ఎన్నిసార్లు ఎక్కి దిగారో తెలియదు. పైపు మాత్రం గురి తప్పలేదు.

చప్పుడు ఆగింది. ముక్కలు మూడుగా ఊడొచ్చాయి. చలపతిరావుగారు నెమ్మదిగా తలెత్తి కప్పు వంక చూశారు. పై ఇంట్లో ఎవరో ఫ్లష్ లాగారు. రోజూ చిరాకు పుట్టించే ఆ చప్పుడు ఆ పూట ఆయన ప్రాణానికి ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేం.

శనివారం పదకొండింటికి సుబ్బలక్ష్మిగారు ఇంటికొచ్చారు. కుర్చీ వెనక పట్టుకోబోయిన కిరణ్మయిని కసిరి, చక్రాలు తానే తోసుకుంటూ పడగ్గదిలోకి వచ్చారు. కొత్త గుమ్మం ముందు ఆగారు. చేతులు చూసుకున్నారు. ఆవిడ ఒక్క తోపు తోశారు. కుర్చీ వెళ్ళింది, చక్రాలు వెళ్ళాయి, వాటి మీదున్న రెండు చేతులూ ఎక్కడా ఆనకుండా వెళ్ళాయి. తలుపు మూసుకుంది. గడియ పడింది. లోపల పట్టుకోవడానికి కిరణ్మయి కమ్మీలు ముందే బిగించి ఉంచింది, అయినా తండ్రీ కూతుళ్ళిద్దరూ కదలకుండా అక్కడే నిలబడ్డారు.

"బయట కాపలా ఎవరు? పొండి అవతలికి!" అని లోపల్నించి వినబడింది.

సరిగ్గా అప్పుడే పెంటయ్య ఫోను చేశాడు. చలపతిరావుగారు అలవాటు ప్రకారం స్పీకర్ నొక్కారు.

"సార్, చేతులు తాకినయా?"

"తాకలేదు పెంటయ్యా. ఎక్కడా తాకలేదు." ఇంకా ఏదో చెప్పబోయారు. ఈలోగా సుబ్బలక్ష్మిగారు బాత్‌రూమ్ తలుపు అదిరేలా కేకేశారు.

"ఏమండీ! ఈ కుళాయి బొట్లుబొట్లుగా కారిపోతోంది! మూడు వారాల్నించీ ఇంట్లో ఉండి ఏం చేస్తున్నారండీ?"

"వస్తున్నా" అంటూ చలపతిరావుగారు రెండడుగులు వేసి ఆగిపోయారు. ఆవిడ రమ్మనలేదు. తిట్టిందంతే. ఆయన మంచం మీద కూర్చుని, మూడు వారాల తర్వాత మొదటిసారి, గట్టిగా నవ్వారు.

ఆ కేకా, ఈ నవ్వూ ఫోన్లో పెంటయ్య విన్నాడు.

"అమ్మ గొంతు మంచిగున్నది సార్" అన్నాడు. "ఇగ ఫికర్ లేదు. కుళాయి సంగతి జల్ది చూస్కోన్రి."